మీటలతో జాబు వ్రాయుట



ఉత్తరము వ్రాయుట మన యిండ్లలో క్రొత్త పని కాదు. కాని పూర్వము స్త్రీ తన మనసులోని మాటను పుట్టినింటికి తెలుపవలెనన్న, వ్రాయనేర్చిన వారిని బ్రతిమాలుకొనవలసి వచ్చెడిది. ఆ మాట కాగితమున కెక్కులోపల నాలుగు చెవులు దాటెడిది. నేడు మన జాబు మనమే వ్రాసికొనగలుగుచున్నాము. అయినను పనిముట్టు చేత నుండిన చాలదు. దాని పోకడయు నెఱిగి యుండవలెను. ఆ యెఱుక లేక నేను పడిన పాటును ఈ నెల మీకు విన్నవించుచున్నాను.

నంద్యాలలోని మా యింట మావారి పాత కంప్యూటరొకటి కలదు. బొమ్మలు, రంగులు గల నేటి ప్రోగ్రాములను అది మోయజాలదు. కావున మా మఱిది దానిలో ఆల్పైన్ అను ఇ-మెయిలు ప్రోగ్రామును అమర్చెను. ఆళ్లగడ్డలోని మా వదినగారి యింటను అట్లే అమర్చెను. ఇందు మౌసుతో పని లేదు; తెర మీద అన్నియు అక్షరములే, చేయు పనులన్నియు మీటలతోనే. సియాటిల్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు 1989లో పైన్ అను ప్రోగ్రామునకు శ్రీకారము చుట్టిరి. 2007లో వెలువడిన ఆల్పైన్ దాని సంతానమే. మన దేశమున 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. వారు ప్రజలకు ఇంటర్నెట్టు నందించిన తొలినాళ్లలో, అక్షరములు మాత్రమే కనబడు ఖాతాలు గలవారు పైన్‌తో జాబులు వ్రాసికొనెడివారు.

ఇట్టి తెరపై తెలుగు ఒత్తులు, గుణింతములు ఒక్కొక్కప్పుడు చెదరి కనబడును. తెలుగు లిపియే లేని కంప్యూటర్లతో మన విద్యార్థులు అమెరికాలో ఇంతకంటె నెక్కువ చిక్కు పడిరి. వారు ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతి నొకటి కల్పించుకొనిరి; రైస్ విశ్వవిద్యాలయము పేర దానిని ఆర్.టి.ఎస్. అందురు. అందు చిన్న టి తకారము, పెద్ద టి టకారము. నేనును వదినగారును అట్లే వ్రాసికొందుము.

ఇక పద్ధతి. ప్రోగ్రాము తెఱవగానే వచ్చు పట్టికలో సి మీట నొక్కిన క్రొత్త జాబు తెఱచుకొనును. పైభాగమున ఎవరికి, విషయమేమి అను పంక్తులును, వాని క్రింద వ్రాతకు చోటును ఉండును. తెర అడుగున రెండు వరుసలలో ఆజ్ఞలు కనబడును. వాని ముందుండు చిన్న గోపురము వంటి గుర్తునకు కంట్రోల్ మీట అని అర్థము. ఆ మీటను అదిమిపట్టి ప్రక్క అక్షరమును నొక్కవలెను. నేను మొదట ఆ గోపురమునే జాబులో వ్రాసి, ఏమియు జరుగలేదేమా యని వగచితిని!

కంట్రోల్‌తో కె నొక్కిన, కర్సరున్న పంక్తి తొలగును. యు నొక్కిన, తొలగిన పంక్తి మరల వచ్చును. కర్సరును వేఱొకచోట నిలిపి నొక్కిన అచ్చటనే వచ్చును. జె నొక్కిన, ఎగుడుదిగుడు పంక్తులు సరిపడి చక్కని పేరా యగును. జి నొక్కిన, సహాయపు పుట తెఱచుకొనును. ఓ నొక్కిన, జాబు పోక దాచబడును. మఱియొకసారి క్రొత్త జాబునకు పూనుకొన్నప్పుడు, ఆపిన జాబును కొనసాగింతువా యని ప్రోగ్రామే అడుగును. ఎక్స్ నొక్కుట జాబును పంపుటకు, సి నొక్కుట రద్దు చేయుటకు.

ఈ కడపటి రెండింటనే ప్రమాద మున్నది. ఇతర ప్రోగ్రాములలో కంట్రోల్ ఎక్స్ అనగా కత్తిరించుట, కంట్రోల్ సి అనగా నకలు తీయుట. మన పిల్లలు నేర్చునది అదియే. ఆల్పైన్‌లో ఇవి పంపుట, పాఱవేయుట. రెంటికిని ముందు తెర యొక ప్రశ్న అడుగును. దానిని చదివినవారికే రక్ష.

గత వేసవిలో మా అత్తగారికి మోకాళ్లనొప్పులు ముదిరెను. ఆమెను కొన్నాళ్లు తమయొద్ద నుంచుకొందురేమో యని వదినగారికి వ్రాయబూనితిని. ఒంటిచేతి చాకిరితో విసిగి యుండి, 'కన్నకూతురు వచ్చునది సారె పట్టుకొని పోవుటకే గాని, తల్లి కాళ్లు పట్టుటకు కాదు గాబోలు' అని యొక పంక్తి వ్రాసితిని. చదువుకొన్నంతనే సిగ్గు కలిగెను. దానిని తీసివేయుదమని, పిల్లలయొద్ద చూచిన అలవాటున కంట్రోల్ ఎక్స్ నొక్కితిని. తెర యేదో అడిగెను. చదువక, అవునని వై మీట నొక్కితిని. పంక్తి పోయెను, జాబుతో సహా ఆళ్లగడ్డకే పోయెను!

ఆళ్లగడ్డ రాతి శిల్పులకు ప్రసిద్ధి. ఉలిదెబ్బ తప్పిన, ఊడిన రాతిపెళ్ల తిరిగి అతుకదు. పంపిన జాబును అట్టిదే. దానిని మరలించుటకు కంట్రోల్ యు పనికిరాదు.

మఱునాడు తెల్లవారగనే సుమారు 40 కిలోమీటర్లు బస్సులో పోయి వారి గడప ముందు నిలిచితిని. వదినగారు కాళ్లకు నీళ్లిచ్చి, కాఫీ చేతికిచ్చి, మెల్లగా ననిరి: 'అమ్మాయీ, నీ జాబు చదివి రాత్రి నేనును రెండు పుటలు వ్రాసితిని. నీకంటె వాడిగానే వ్రాసితిని. కాని ఓ నొక్కి పండుకొంటిని. ఉదయము చదివి చూడగా, అందు పంపదగినది ఒక్క పంక్తియే కనబడినది: అమ్మను తీసికొని రమ్ము.'

మిగిలిన పంక్తులను ఆమె కె మీటతో ఒక్కొక్కటిగా తొలగించిరి. తెరను నా వైపు త్రిప్పలేదు, నేనును చూడబోలేదు. నా తప్పు మన్నింపుమని వేడితిని. మన్నించితి ననిరి, మఱచితినని మాత్రము అనలేదు. అత్తగారు రెండు మాసములు అక్కడ నుండి వచ్చిరి.

కావున క్రొత్తగా నేర్చువారు మొదటి నాలుగు జాబులను తమ చిరునామాకే పంపుకొని చేయి అలవాటు చేసికొనుడు. అడుగునున్న రెండు వరుసలను చదువక ఏ మీటను నొక్కకుడు. కోపమున వ్రాసినదానిని ఓ మీటకు అప్పగించి నిద్రపొండు. తెల్లవారినను అది పంపదగినదిగనే తోచెనేని, అప్పుడు ఎక్స్ ఎక్కడికిని పోదు.