ఆరోగ్య సలహాలు: ఫిల్టరు కడిగి ఎన్నాళ్ళయింది?

మీ వంటింట్లో రెండంతస్తుల స్టీలు ఫిల్టరు ఉందా? ఉంటే ఈ పేజీ కాసేపు పక్కన పెట్టి, వెళ్ళి దాని మూత తీసి చూడండి. లోపల నిలబెట్టిన క్యాండిల్ తెల్లగా ఉంటే మీరు జాగ్రత్తపరులే. గోధుమరంగుకు తిరిగి, వేలితో తాకితే జిగటగా జారుతుంటే మాత్రం మీ ఇంటిల్లిపాదీ తాగే నీళ్ళు ఆ జిగటలోంచే దిగి వస్తున్నాయన్నమాట. ఫిల్టరు కొన్నాం గదా అన్న ధైర్యంతో చాలామంది నీళ్ళు కాచడం మానేస్తారు. దాన్ని కడగడం కూడా మరచిపోతారు. అలాంటి ఇంట్లో ఫిల్టరు లేకపోతేనే నయం. కనీసం కాచి తాగేవాళ్ళు!

కడగడం పెద్ద విద్యేమీ కాదు. వారానికి ఒకసారి, నీళ్ళు బురదగా వచ్చే రోజుల్లో రెండు మూడు రోజులకోసారి క్యాండిల్‌ను ఊడదీసి, మెత్తని బ్రష్షుతోగాని శుభ్రమైన కొబ్బరిపీచుతోగాని నీళ్ళధార కింద రుద్దండి. సబ్బు, గిన్నెలు తోమే పొడి వద్దు. అవి క్యాండిల్ రంధ్రాల్లో చేరి, తర్వాత మీ గ్లాసులోకి వస్తాయి. చివరికి కాచి చల్లార్చిన నీళ్ళతో కడగండి. పాతకాలపు ఉత్త పింగాణీ క్యాండిల్ అయితే ఇరవై నిమిషాలు నీళ్ళలో ఉడికించవచ్చు. ఇప్పుడు వచ్చేవాటిలో కొన్నింటికి లోపల బొగ్గుపొడి, వెండిపూత ఉంటున్నాయి. వాటిని ఉడికించకూడదు. పెట్టె మీద ఏం రాశారో చదివి ఆ ప్రకారం చేయండి.

ఒకటి గమనించండి. రాత్రంతా చుక్క చుక్కగా కారే ఫిల్టరు ఉన్నట్టుండి గబగబా దిగడం మొదలుపెడితే సంతోషించకండి. క్యాండిల్ బీటవారి ఉంటుంది, లేదా అడుగున ఉన్న రబ్బరు వాషరు వదులై ఉంటుంది. వెంట్రుకవాసి బీట చాలు, పై నీళ్ళు వడకట్టకుండానే కిందికి దిగిపోతాయి. బీటవారిన క్యాండిల్‌ను అతికించే ప్రయత్నాలు చేయవద్దు, పారేయండి.

ఇక ఎవరూ పట్టించుకోనిది కింది గిన్నె, దాని కుళాయి. పైన క్యాండిల్‌ను తళతళలాడించి, కింద పాచిపట్టిన కుళాయిలోంచి నీళ్ళు పట్టుకుంటే ఏం లాభం? కుళాయిని కూడా ఊడదీసి సన్నని బ్రష్షుతో లోపల రుద్దండి. కుళాయి నెమ్మదిగా వస్తోందని పిల్లలు మూత తీసి గ్లాసు ముంచుతుంటారు. ఆ చేతులు అంతకుముందు ఎక్కడున్నాయో దేవుడికెరుక!

ఇంత చేసినా క్యాండిల్ పని మట్టిని, చాలా రకాల సూక్ష్మజీవులను ఆపడం వరకే. కామెర్లు తెచ్చే వైరస్‌లు అంతకన్నా చాలా చిన్నవి, దాటిపోగలవు. అందుకే ఊళ్ళో కామెర్లు, వాంతులు, విరేచనాలు ఉన్నప్పుడు వడకట్టిన నీళ్ళను తెర్లేదాకా కాచి, బాగా తెర్లుతుండగా ఒక నిమిషం ఉంచి దించండి. చల్లారాక మూత ఉన్న బిందెలో పోసుకోండి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠకులు ఇక్కడినుంచి మరింత శ్రద్ధగా చదవాలి. ఈ మూడూ 2016 దాకా ఒకే నల్లగొండ జిల్లాలోని ఊళ్ళు. మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్ళు చూడటానికి ఎర్రగా, మట్టిగా ఉంటాయి. హైదరాబాదు మురుగు మోసుకొచ్చే మూసీ గురించి సూర్యాపేటవారికి నేను చెప్పేదేముంది? అలాంటి నీళ్ళంటే అందరికీ అనుమానమే. బోరు నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి, రుచిగానూ ఉంటాయి. కాబట్టి అవే మంచివని చాలామంది నమ్మకం. కాని కాలువ నీళ్ళ మట్టిని పటికతోనో చిల్లగింజతోనో తేర్చవచ్చు, వడకట్టి కాచి తాగవచ్చు. ఆ అద్దంలాంటి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంటే మీ క్యాండిల్ దాన్ని ఒక్క పిసరు కూడా ఆపలేదు.

ఫ్లోరైడు ఇక్కడి నల్లరాతి పొరల్లోంచి నీళ్ళలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచితే పోదు సరిగదా, నీళ్ళు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. మన దేశంలో దీనివల్ల వచ్చే జబ్బును మొదట 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. తర్వాత నల్లగొండ పేరే దానికి గుర్తయిపోయింది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు చిగుళ్ళలో పక్కాపళ్ళు తయారవుతుంటాయి. అప్పుడు ఎక్కువైతే ఆ పళ్ళు సుద్దమచ్చలతో, గోధుమ చారలతో వస్తాయి. ఏళ్ళతరబడి తాగితే మెడ, నడుము బిగుసుకుపోతాయి. వంగిపోయిన ఎముకను నిటారు చేసే మందు ఏ డాక్టరు దగ్గరా లేదు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతి కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. అయితే పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్ళను పరీక్ష చేసి లెక్కకట్టాలి. చేతి అంచనాతో గుప్పెడు వేస్తే ఫ్లోరైడుకు బదులు అల్యూమినియం తాగుతారు.

ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడును చాలావరకు తీసేస్తుంది. దానికీ సేవ కావాలి. ముందుండే మట్టి ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు గడువుకు మార్చకపోతే లోపలి పొర పాడవుతుంది. ఆ సంగతి బయటికి తెలియదు, నీళ్ళు మామూలుగానే వస్తుంటాయి. పండక్కి ఊరెళ్ళి వారం తర్వాత వచ్చారా? ట్యాంకులో నిలవున్న నీళ్ళు పూర్తిగా పారబోసి, తర్వాతే వాడండి. పక్క గొట్టంలోంచి పోయే నీళ్ళలో ఉప్పూ ఫ్లోరైడూ చిక్కగా ఉంటాయి. ఇల్లు తుడవడానికి సరే, గేదెలకు మాత్రం పెట్టకండి. ఇంటికి వచ్చే ప్లాంటు క్యాన్లయితే లోపల పాచి ఉందేమో వెలుతురుకెత్తి చూసి దించుకోండి.

మిషన్ భగీరథ నల్లా వచ్చే ఇళ్ళవారు క్లోరిన్ వాసన వస్తోందని దాన్ని బట్టలకు వదిలి, తాగడానికి బోరు నీళ్ళు పట్టుకుంటుంటే ఆ అలవాటు తిరగేయండి. వాసన రాత్రికి మూత వారగా పెడితే పోతుంది. బోరు తప్పదనుకుంటే ముందు పరీక్ష చేయించండి. అరలీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి, నింపి, బోరు ఎక్కడిదో రాసి జిల్లా నీటి పరీక్షా కేంద్రంలో ఇవ్వండి. గాజుసీసా వద్దు, ఫ్లోరైడు గాజుకు పట్టి లెక్క తప్పుతుంది. పక్కింటివారు చేయించారు గదా అని ఊరుకోకండి. రెండు బోర్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నా నీళ్ళు ఒకటి కాకపోవచ్చు.