గనుల గాలిలెక్క

బొగ్గుగనులనుండి వెలువడు మిథేన్ వాయువు కంటికి గానరాదు. అయినను 20 ఏండ్ల కాలములో అది బొగ్గుపులుసు వాయువుకంటె 80 రెట్లు అధికముగా భూమిని వేడెక్కించును. 2017లో ఐరోపావారు పంపిన సెంటినెల్-5పి ఉపగ్రహము, సూర్యకాంతిలో ఈ వాయువు మ్రింగిన భాగమునుబట్టి దాని పరిమాణమును గణించుచున్నది. కాని మబ్బు క్రమ్మినచో దానికి చూపు లేదు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులనుండి పలుచగా వ్యాపించు వాయువు దానికి చిక్కుట దుర్లభము. భూగర్భ గనులలో కార్మికుల రక్షణకై ఈ వాయువును కొలుచుట ఇప్పటికే చట్టవిధి. ఆ కొలతలను గనివారీగా కూర్చి, ఓపెన్‌కాస్టు గనులనుగూడ నేలమీదనే కొలిచి, ఏటేట ప్రకటించుట ధర్మము. సింగరేణిలో నూటికి 51 పాళ్లు రాష్ట్రమువి, 49 కేంద్రమువి. కావున అది ప్రజల సొత్తు. మన గనుల లెక్కను పరదేశపు ఉపగ్రహము చెప్పగా వినుటకంటె, మనమే కొలిచి లోకమునకు చెప్పుట గౌరవము.