పగడాల తోటకు మళ్ళీ

పోయిన నెల ఇదే పేజీలో పెరటి తోటకూర గురించి మేము వ్రాసింది చదివి, "మీ దంపతులకు తోట తప్ప వేరే లోకం లేదా?" అని ఒక మిత్రులు ఫోను చేశారు. ఉందండీ. కాకపోతే అదీ తోటే, నీళ్ళ అడుగున ఉంది.

ఫ్లోరిడాలో మయామీ నుంచి దక్షిణంగా గంటకు పైగా కారులో వెళితే కీ లార్గో ద్వీపం వస్తుంది. అక్కడి పగడాల దిబ్బలకు మేము మొదట వెళ్ళింది 1991లో. తరువాత మూడుసార్లు వెళ్ళాము. 2004 తరువాత పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అడ్డు వచ్చాయి. మళ్ళీ 2024 మే నెలలో, ఇరవై ఏళ్ళకు, కుదిరింది.

ఒకప్పుడు ఈ పగడాలను ఉలులతో పగలగొట్టి రోడ్డు పక్క కొట్లలో అమ్మేవారట. జాన్ పెన్నెకాంప్ అనే మయామీ పత్రికా సంపాదకుడు, మరికొందరు పట్టుబట్టగా 1960లో అక్కడ పార్కు వెలిసింది. ఈ దేశంలో నీళ్ళ అడుగున ఏర్పడ్డ మొట్టమొదటి పార్కు అదే. దిబ్బలు ఒడ్డున ఉండవు, పడవలో పోవాలి. ఒకచోట 25 అడుగుల లోతులో, చేతులు పైకెత్తిన కంచు క్రీస్తు విగ్రహం ఉంది. 1965లో దించారు. మేము ఎప్పుడు వెళ్ళినా మొదట దిగేది అక్కడే.

మొదటిసారి ఒక చిక్కు వచ్చింది. మెరిసే నగలు తీసేయమన్నాడు పడవవాడు. బారకూడా అనే చేప ఆ తళుకును చూసి చిన్న చేప అనుకొని పళ్ళు పెడుతుందట. మంగళసూత్రం తీయడమా! చివరకు దాన్ని రబ్బరు సూటు లోపల దాచి దిగాము. సూత్రంలో రెండు పగడాలున్నాయి. చుట్టాలను చూడబోతున్నాయని నవ్వుకున్నాము. మన నగల్లోని ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రానిదనీ, ఈ దిబ్బలు కట్టే జాతులు వేరనీ తరువాత తెలిసింది. అంటే చుట్టరికం దూరపుదే.

ఆనాడు చూసింది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. దుప్పి కొమ్ముల్లాంటి పగడం చెట్లలా విస్తరించి ఉండేది, దాని నీడన పసుపు చారల చేపలు పెళ్ళిపందిట్లో జనంలా మూగి ఉండేవి. విగ్రహానికి కాస్త దూరంలో మా భోజనాల బల్లంత మెదడు పగడం ఒకటి. అక్రోటు పప్పు మీది మడతల్లాంటి మడతలు. ఆ జాతి ఏడాదికి అర అంగుళం కూడా పెరగదు కనుక అది మా ముత్తాతల నాటిదే అయి ఉండాలి. నీళ్ళలో విడిపోతే అక్కడ కలుసుకోవాలని మా ఒప్పందం.

పగడం చెట్టూ కాదు, రాయీ కాదు, ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఎండను పట్టి వంట చేసి పెట్టేది ఆ నాచే. అద్దెకున్నవాళ్ళే ఇంటివాళ్ళకు వండిపెట్టే ఏర్పాటన్నమాట. రంగు కూడా వాళ్ళ చలవే. నీళ్ళు మరీ వేడెక్కితే ఈ పొత్తు చెడి నాచు బయటపడుతుంది, పగడం తెల్లగా పాలిపోతుంది. త్వరగా చల్లబడితే తేరుకుంటుంది. లేకపోతే ఆకలితో చస్తుంది.

కష్టాలు వాటికి కొత్త కాదు. 1983-84లో నాచు మేసే నల్లని ముళ్ళ సముద్రపు ఉర్చిన్లు కరిబియన్ అంతటా చచ్చిపోయాయి, దాంతో దిబ్బల మీద నాచు కమ్ముకుంది. 2014లో మయామీ దగ్గర రాతి పగడాలకు ఒక తెగులు పట్టి దక్షిణానికి పాకింది. పైన 2023 వేసవి. జూలై 24న కీ లార్గోకు దగ్గరలోని మనాటీ బేలో నీటి వేడి 101.1 డిగ్రీల ఫారెన్‌హీటు! లోతులేని నీరు గనుక అంత. దిబ్బల దగ్గర అంత లేదు గాని, పగడం ఓర్చుకోగలిగిన దానికన్నా ఎక్కువే, అదీ వారాల తరబడి. ఫ్లోరిడా కీస్‌లోని దుప్పికొమ్ము పగడంలో నూటికి 98 వంతులకు తక్కువ కాకుండా ఆ వేసవిలో పోయిందని 2025లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

మేము వెళ్ళింది ఆ మరుసటి మే నెలలో. మాలో ఆయనకు గుండెకు స్టెంటు వేశారు, డాక్టరు సిలిండరుతో దిగవద్దన్నారు. ఒంటరిగా దిగకూడదన్నది డైవింగులో మొదటి నియమం గనుక మాలో ఆవిడను పడవలోని ఒక కాలేజీ అమ్మాయికి జత చేశారు. ఆయన ఊపిరి గొట్టం పెట్టుకొని పైన తేలుతూ, కింద నుంచి వచ్చే బుడగలను బట్టి ఆవిడ ఎక్కడుందో కనిపెడుతూ ఈదారు. ఇన్నేళ్ళలో మేము ఎడంగా ఉన్నది అదే మొదలు.

పడవ ఎక్కాక, "చిలక చేపలు ఎన్ని ఉన్నాయో!" అన్నారు ఆవిడ. "విగ్రహం చేతులు నాకూ కనిపించాయి" అన్నారు ఆయన. మెదడు పగడం మాట ఇద్దరమూ ఎత్తలేదు.

రాత్రి మోటెల్లో, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తింటుండగా ఆవిడ నెమ్మదిగా చెప్పబోయారు. "పై నుంచి చూశానులే" అన్నారు ఆయన. బల్లంతా బూడిదరంగు నూగు పట్టింది. కాని ఒక పక్క, ఆవిడ దగ్గరగా వెళ్ళి చూశారు గనుక తెలిసింది, అరచేయంత మేర ఇంకా పసుపు గోధుమరంగు ఉంది. ముట్టుకోకుండా పైన చెయ్యి పెట్టి కొలుచుకొచ్చారు. ఆ అరచేయి సంగతి ఆయనకు పై నుంచి కనబడలేదు. రెండోసారి పులిహోర వడ్డించుకున్నారు.

మర్నాడు పగడాల నారుమడి గురించి తెలుసుకున్నాము. సముద్రం అడుగున ప్లాస్టిక్ గొట్టాలతో చెట్లలా కట్టి, కొమ్మలకు చిన్న పగడపు ముక్కలు వేలాడదీసి పెంచుతారు. ఎదిగాక దిబ్బ మీద జిగురుతో నాటుతారు. మన వరి నాట్లే, కాకపోతే మోకాలిలోతు కాదు. 2023 ఎండలకు ఆ నారును కొంత ఒడ్డుకు తెచ్చి తొట్లలో దాచారట.

మేము మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నాము. అరచేయి పెరిగిందో తరిగిందో చూడాలి. ఆవిడకు నీళ్ళ అడుగున తోడు కావాలి, మొన్నటి అమ్మాయి మళ్ళీ దొరకదు గదా. డైవింగు కార్డు ఉన్న సభ్యులెవరైనా ఉంటే వచ్చే సమావేశంలో కాఫీ బల్ల దగ్గర మమ్మల్ని కలవండి. పులిహోర మాది.