నెట్టు మందగించినచో ప్లాను పెంచుటయే మందా?

మన ఇండ్లలో ఇటీవల ఒక వింత ఆచారము పాదుకొన్నది. నెట్టు మందగించినచో రౌటరును ఆర్పి వెలిగింతురు. అప్పటికిని దారికి రానిచో కంపెనీకి ఫోను చేయుదురు. "మీది నూరు ప్లాను, ఇంటిలో ఫోనులు ఎక్కువైనవి, మూడువందల ప్లానునకు మారుడు" అని సమాధానము వచ్చును. మనవారు ఎదురాడక మారుదురు. బిల్లు పెరుగును. సాయంకాలమగుసరికి పిల్లలకు తెలుగు చెప్పు పంతులమ్మగారి ముఖము తెరపై మునుపటివలెనే బిగిసిపోవును. ఆమె గుణింతములో "కౌ" దాటునప్పటికి పిల్లవాడు ఇంకను "కి" దగ్గరనే యుండును. తెలుగు బడి అందుబాటులో లేని ఊళ్లలో మన పిల్లలకు ఈ తెర పాఠమే అక్షరాభ్యాసము. కావున ఇది వినోదమునకు సంబంధించిన చిన్న విషయమని త్రోసివేయుటకు వీలు లేదు.

ఈ ఆచారమును మేము గర్హించుచున్నాము. రోగమేదో చూడకయే మోతాదు పెంచు వైద్యుని మన పెద్దలు గడప త్రొక్కనిచ్చెడివారు కారు. నెట్టు విషయమున మాత్రము అట్టి వైద్యునికే నెలనెల దక్షిణ సమర్పించుకొనుచున్నాము.

లెక్క చూడుడు. ఒక వీడియో పాఠము స్పష్టముగా నడచుటకు సెకనుకు 3, 4 మెగాబిట్లు చాలును. నూరు మెగాబిట్ల ప్లానులో అట్టి పాఠములు ఇరువదికి పైగా ఏకకాలమున నడువవలెను. మరి ఒక్కటియైనను ఏల నడువకున్నది? మాటయు బొమ్మయు చిన్న చిన్న తునుకలై ప్రయాణము చేయును. వానిలో కొన్ని దారిలో తప్పిపోయినను, ఆలస్యముగా చేరినను పాఠము తెగిపోవును. తూములో చెత్త యడ్డుపడియుండగా చెరువు లోతు చేయించినచో పొలము తడియునా? పైగా కొన్ని ఇండ్లలో రౌటరునందలి తీగ రంధ్రము నూరు మెగాబిట్లకు మించి మోయలేనిది. తీగలోని నాలుగు జంటలలో ఒకటి తెగినను, వేయి మోయగల దారి నూరునకు దిగిపోవును. అట్టివారు ఆ తీగపై మూడువందలు కొన్నను వచ్చునది నూరే.

ఒక్క తగవులో మాత్రము కంపెనీవారి పక్షము వహింపక తప్పదు. "నూరు ప్లాను కొంటిమి, ఫైలు దిగునప్పుడు పండ్రెండే చూపుచున్నది, మోసము!" అని కొందరు కేకలు వేయుచున్నారు. ప్లాను చెప్పునది మెగాబిట్లు, ఫైలు చూపునది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. నూరును ఎనిమిదిచే భాగించినచో పండ్రెండున్నరయే వచ్చును.

తప్పు ఎచ్చట నున్నదో తేల్చుట కష్టము కాదు. ల్యాపుటాపును తీగతో రౌటరునకు తగిలించి వేగము కొలువవలెను. పిమ్మట రౌటరు ప్రక్కన నిలిచి వైఫైతో, ఆ తరువాత పిల్లవాడు చదువుకొను గదిలో కొలువవలెను. తీగతో సరిగా నుండి గదిలో పడిపోయినచో దోషము మన ఇంటిదే.

ఇంటి దోషములలో మొదటిది రౌటరు నుంచు చోటు. దానిని టీవీ వెనుకనో, ఇనుప బీరువా చాటుననో, దొంగలకు భయపడి దాచినట్లు ఉంచుచున్నారు. బళ్లారి ప్రాంతపు పాత ఇండ్లలోని రాతి గోడలు వేసవి యెండనే లోనికి రానీయవు, వైఫైని రానిచ్చునా? రౌటరునకు సామాన్యముగా రెండు దారులుండును. 2.4 గిగాహెర్ట్జుల దారి దూరము పోవును గాని, అచ్చట రద్దీ మెండు. ఒకదానికొకటి అడ్డు రాకుండ వాడదగిన చానెళ్లు 1, 6, 11 అను మూడే. వంటింటి మైక్రోవేవు పొయ్యియు ఆ తరంగములనే వాడును. 5 గిగాహెర్ట్జుల దారి వేగమైనది గాని గోడకు త్వరగా లొంగిపోవును. రౌటరును ఇంటి నడుమకు, మనిషి యెత్తునకు తెచ్చి, దగ్గరి పరికరములకు రెండవ దారి నిచ్చినచో పెక్కు ఇండ్లలో ఖర్చు లేకయే బాధ తీరును.

తీగతో కొలిచినను వేగము రానిచో అది లైను దోషము, కంపెనీ బాధ్యత. ఫైబరు పెట్టెపై ఎర్రదీపము వెలిగినచో కాంతి ఇల్లు చేరుట లేదని యర్థము. ఫైబరును గుమ్మము మూలలో తాడువలె మడిచినను వెలుగు దారిలోనే కారిపోవును. ఉదయము బాగుగా నుండి రాత్రి యెనిమిది మొదలు పదునొకండు వరకు మాత్రమే కుంటుపడినచో అది రద్దీ. ఎక్కువగా వాడుకలో నున్న ఫైబరు పద్ధతిలో సుమారు రెండున్నర గిగాబిట్ల ధారను ముప్పదిరెండు లేక అరువదినాలుగు ఇండ్లకు పంచుదురు. ఆపై ఊరినుండి వెలుపలికి పోవు మార్గము ఇరుకైనచో వీధియంతయు ఒకేసారి నీరసించును. అట్టిచోట ప్లాను పెంచుమనుట, కిక్కిరిసిన బస్సులో నిలబడినవానికి రెండవ టిక్కెట్టు అమ్ముటయే.

కంపెనీల కవచము "వరకు" అను మాట. "నూరు మెగాబిట్ల వరకు" అని వ్రాయుదురు. ప్రభుత్వ నిర్వచనమున బ్రాడ్‌బ్యాండుకు కనీస వేగము 2004లో 256 కిలోబిట్లు, 2023లో 2 మెగాబిట్లు. నూరునకు సొమ్ము పుచ్చుకొని రెండు దాటినది గదా యని తృప్తిపడుమను వ్యాపారమును ఏ సంతలోను చూడలేదు.

ఇంతకంటె మాకు కష్టము కలిగించునది మనవారి మౌనము. "పొరుగు రాష్ట్రములో నున్నవారము, మనకేల రచ్చ?" అని హోసూరులోను, సోలాపురములోను, బరంపురములోను పెద్దలు అనుచుందురు. తరతరములుగా పన్ను కట్టి, మగ్గము నేసి, అంగడి నడిపినవారు అతిథు లెట్లగుదురు? ఫోనులో తెలుగు వినిపింపదని వెనుకాడ నక్కరలేదు. మన యువకులకు కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ కరతలామలకములు. తాతగారి పక్షమున నాలుగు పంక్తులు వ్రాయుట వారికి భారము కాదు. 2012 నాటి ట్రాయి నిబంధనల ప్రకారము ప్రతి ఫిర్యాదునకు సంఖ్య ఇచ్చి తీరవలెను. తీర్పు నచ్చనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి విన్నవింపవచ్చును. ఆయన 39 దినములలో తేల్చవలెను. సంఖ్య తీసికొనని ఫిర్యాదు గాలిలో మాటయే.

వారము దినములు ఉదయము ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి తీగతో కొలిచి, తేదీ, వేళ, వేగము, ఫిర్యాదు సంఖ్య ఒక కాగితముపై వ్రాసి సంఘ కార్యాలయమున ఇండు. ఒకే వీధిలోని ఐదారిండ్లు ఒకే వేళకు కుంటుపడినట్లు తేలినచో "మీ ఇంటి రౌటరే చెడినది" అను సమాధానము చెల్లదు. అట్టి కాగితములను జతపరచి, స్థానిక భాషలో ఒకే ఫిర్యాదుగా మేము పంపెదము.