చెక్క పలకలు పరిపిస్తున్నారా?

పడగ్గదిలో ఒకదాన్లో ఒకటి క్లిక్‌మని బిగుసుకునే చెక్క పలకలు పరిపించాలనుకుంటున్నారా? పెట్టెలు వచ్చిన రోజే వేయించకండి. 48 గంటలు అదే గదిలో పడుకోబెట్టి వుంచండి. మేకులూ, జిగురూ అక్కర్లేదు కనుక పని త్వరగానే అవుతుంది.

గోడ దగ్గరికొచ్చేసరికి మాత్రం మీరే నిలబడి చూసుకోండి. పలకని గోడకి ఆనించేస్తే అందంగా వుంటుందంటాడు పనివాడు. ఒప్పుకోకండి! వానాకాలం చెమ్మకి చెక్క ఉబ్బుతుంది. జరగడానికి చోటు లేకపోతే గది మధ్యలో పైకి లేస్తుంది. చుట్టూ 10 మిల్లీమీటర్లు, దాదాపు చిటికెనవేలి మందం, ఖాళీ వదిలించండి. పైన స్కర్టింగ్ పట్టీ వస్తే కనబడదు. ఆ పట్టీ మేకులు గోడలోకే దిగాలి సుమా, పలకలోకి కాదు!

పండక్కి బకెట్లతో నీళ్లు గుమ్మరించి కడిగితేగానీ తృప్తి కలగనివారు గ్రానైట్‌తోనే సరిపెట్టుకోవడం మేలు. చెక్క నేలని గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలంతే.