మైకు మీద మోపిన నింద

నాయుడుపేటలో ఇంట్లో పాట రికార్డు చేసుకునే కుర్రవాళ్ల నోట ఈమధ్య ఒకే మాట వింటున్నాను. "అన్నా, ఈ మైకుతో ఇంతే వస్తాది. ఇంకో పదివేలు పెడితే సినిమా పాట మాదిరి ఉంటాది." అయ్యప్ప పాటైనా, చర్చి పాటైనా, సూళ్లూరుపేట చెంగాళమ్మ మీద కట్టిన పాటైనా ఫిర్యాదు అదే. మాటలు తెలియడం లేదు, గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది, డప్పు మోత కింద అన్నీ అణిగిపోయాయి. నింద మాత్రం మైకు మీద పడుతుంది. ముందు ఖరీదైన మైకు, తర్వాత డబ్బిచ్చి కొన్న ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్ ముక్కలు), అదీ చాలకపోతే రైలెక్కి చెన్నై స్టూడియో. తెలిసినవాళ్లమనుకునే అందరూ ఇచ్చే సలహా ఇదే. ఈ సలహా తప్పు. పైగా ఇది పేదింటి పిల్లల చేత అప్పులు చేయిస్తోంది. అందుకే దీన్ని ఊరికే వదలదలచుకోలేదు.

మా వీధి అబ్బాయి ఒకడు వాళ్లమ్మ పాడిన పాట పట్టుకొచ్చాడు. పదడుగులకు పన్నెండడుగుల గది. కింద టైల్స్, పైన స్లాబు, నాలుగు గోడలకూ నున్నటి పెయింటు. పాత మైకు పనికిరాదని ఎవరో చెబితే అప్పు తెచ్చి కండెన్సర్ మైకు కొన్నాడు. కొత్త రికార్డింగు పాతదాని కంటే ఘోరంగా ఉంది. కండెన్సర్ మైకు సున్నితమైనది. అమ్మ గొంతుతో పాటు గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దాన్నీ, ఫ్యాను గాలినీ, హైవే మీది లారీ హారన్‌నూ అది వదలకుండా పట్టింది. గది సంగతి చూడకుండా మైకు మారిస్తే గది మోతే ఇంకా స్పష్టంగా రికార్డవుతుంది.

తాటాకు కప్పు, మట్టిగోడల ఇళ్లలో ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. ఆకు, మట్టి, గుడ్డ శబ్దాన్ని తాగేస్తాయి. స్లాబు ఇల్లు తిప్పి కొడుతుంది. పదడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర, పన్నెండడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర మోత పేరుకుంటుంది. మూలల్లో అది మరీ ఎక్కువ. అలాంటి గదిలో స్పీకర్లు పెట్టుకుని మిక్స్ చేసేవాడికి డప్పు నిజంగా ఎంత ఉందో తెలిసే దారి లేదు. మామూలు హెడ్‌ఫోన్సే అక్కడ ఎక్కువ నిజం చెబుతాయి.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. రెండు బొంతలు పాడేవాళ్ల వీపు వెనక వేలాడదీయాలి. మైకు ముఖం అటే ఉంటుంది గనక మోత ముందు అటునుంచే వస్తుంది. మైకును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెట్టాలి. దూరం రెట్టింపైతే గొంతు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, గది మోత మాత్రం దాదాపు అలాగే ఉండిపోతుంది. మరీ దగ్గరైతే గొంతు బరువెక్కి, ప, బ, భ పలికినప్పుడల్లా గాలి దెబ్బ తగులుతుంది. ఫ్యాను ఆపి, గూడూరు–చెన్నై లైను మీద రెండు రైళ్ల మధ్య సందు చూసుకుని, ఆ అమ్మ చేత పాత మైకుతోనే మళ్లీ పాడించాం. కంప్యూటర్ తెరవకముందే సగం పని అయిపోయింది.

"సినిమా పాట మాదిరి" అనేవాళ్లు ఆ పాటలు ఎలా పుట్టాయో తెలుసుకోవాలి. మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం తొలి సినిమా పాట 1966 డిసెంబరులో మద్రాసులో రికార్డయింది. సినిమా 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న', సంగీతం కోదండపాణి. ఆ ఒక్క పాటకే నలుగురు గాయకులు. ఆ రోజుల్లో గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకే ఊపులో పూర్తి చేయాలి, ఒక్కరు తప్పినా అందరూ మొదటికి రావాలి. ఎవరి గొంతు ముందుండాలో, ఏ వాద్యం వెనక్కి తగ్గాలో చాలామటుకు నిలబడే చోటుతోనే తేలేది. టేపు చెరిపి మళ్లీ వాడేవారు. ఈ కొత్త కుర్రవాడి గొంతు తోటి సంగీత దర్శకులకు వినిపించాలని, ఆ టేపు చెరపవద్దని కోదండపాణి సౌండ్ ఇంజనీరును కోరి దాయించారని బాలు ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ హాళ్లూ ఆ మైకులూ సామాన్యమైనవి కావు, ఒప్పుకుంటాను. కానీ ఇవాళ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ట్రాకులు, చేసినదాన్ని వెనక్కి తీసుకునే వీలు వాళ్లు కలలో కూడా ఎరగరు. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన 'నెబ్రాస్కా' ఆల్బమ్‌ను ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద రికార్డు చేసుకున్నాడు. తర్వాత స్టూడియోలో బృందంతో ప్రయత్నించి, మళ్లీ ఆ క్యాసెట్‌కే తిరిగొచ్చాడు.

ఇక మిక్సింగు. ఇక్కడ మన భాష సంగతి ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లీషు పాటల కోసం ఎవరో తయారుచేసిన పొడవాటి ప్రతిధ్వనిని, అంటే రివర్బ్‌ను తెచ్చి మన పాటకు తగిలిస్తే, ఒక మాట చివరి అచ్చు సాగి సాగి తర్వాతి మాట నెత్తినెక్కుతుంది. పాట వినిపిస్తుంది, పదం వినిపించదు. రివర్బ్ పొట్టిగా ఉండాలి, గొంతు మొదలైన కొన్ని మిల్లీసెకన్ల తర్వాత రావాలి. గట్టి శబ్దాన్ని అణిచే కంప్రెసర్‌దీ ఇదే సంగతి. అది అణచడం మొదలుపెట్టే వేగాన్ని, అంటే అటాక్‌ను, మరీ ఎక్కువ పెడితే క, ట, ప లాంటి హల్లుల మొదటి దెబ్బ నలిగిపోతుంది, పరుషాలన్నీ మెత్తబడతాయి. ముందు ఒక్కో మాట వాల్యూమును చేత్తో సరిచేయండి. గంటో రెండు గంటలో పడుతుంది, పైసా ఖర్చు లేదు. గొంతులో 80 హెర్ట్జ్ కింద కోసేయండి. బావి గొంతు 200 నుంచి 400 మధ్య ఉంటుంది, కాస్త తగ్గించండి. మాటలు ఇంకా తెలియకపోతే గొంతు పెంచకుండా, హల్లులు తెలిసే 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య కీబోర్డునూ గిటారునూ తగ్గించి చూడండి.

ప్లగిన్ కొన్నాక పాట బాగుపడింది కదా అంటారు. చాలా ప్లగిన్లు ఆన్ చేయగానే శబ్దాన్ని కొద్దిగా పెంచుతాయి. రెండు శబ్దాల్లో కొంచెం ఎక్కువగా ఉన్నదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. ఆ పెరిగినంతా తగ్గించి, పాతదాన్నీ కొత్తదాన్నీ సమానంగా పెట్టి వినండి. ఎంతమంది అప్పుడు డబ్బు కడతారో చూద్దాం. పాట గట్టిగా ఉండాలని లిమిటర్‌తో నలిపేయడం కూడా వృథాయే. యూట్యూబ్, స్పాటిఫై గట్టి పాటను దాదాపు మైనస్ 14 లఫ్స్ (గట్టిదనపు కొలత) దగ్గరకు దించేస్తాయి. మిగిలేది నలిగిన పాటే.

వినే సామాను గురించీ ఇదే భ్రమ. 1978లో యమహా ఇళ్ల కోసం చేసిన ఎన్‌ఎస్-10 స్పీకరు వినసొంపుగా ఉంటుందని ఎవరూ అనలేదు. లోపాలు దాచదని ప్రపంచంలోని ఎన్నో స్టూడియోలు దాన్ని బల్ల మీద పెట్టుకున్నాయి. మన శ్రోత ఫోను స్పీకర్లో, ఆటోలో వింటాడు. మీ మిక్స్‌ను అక్కడే, తక్కువ వాల్యూములో, ఒక రాత్రి నిద్రపోయి లేచాక వినండి.

చవక మైకులో బుస ఉంటుంది, స, శ అక్షరాలు గీసుకుపోతాయి, నిజమే. లెవెల్ దాటి పగిలిన గొంతును ఏ మిక్సూ అతికించలేదు. గది సర్దుకుని, దూరం చూసుకుని, మాటలు సరిచేసుకున్న తర్వాత కూడా మైకే అడ్డమనిపిస్తే అప్పుడు కొనండి, నేను కాదనను. ఈలోగా ఒక పని చేయండి. ఉన్న మైకుతోనే, వెనక బొంత కట్టి, అదే పాట మళ్లీ పాడి పాతదాని పక్కన పెట్టి వినండి. ఆ రెండూ విన్నాక కూడా అప్పు చేయాలనిపిస్తే, ముందు మా ఇంటికి రండి. కలిసి విందాం.