గోచు 'గారు'కి ఉన్న మర్యాద మన మిరపకేదీ?

మొన్న శనివారం పనేం లేక 'ఓయి ముచిమ్' చేశాను. కంగారు పడకండి, కీరదోసకాయ ముక్కల్లో కారం కలపడమే. కొరియా వాళ్ళు అన్నం చుట్టూ చిన్న గిన్నెల్లో పెట్టుకునే బంచన్లలో ఇదొకటి.

ఇక గొడవ ఎక్కడొచ్చిందంటే, సోమవారం లంచ్‌లో. డబ్బా మూత తీశానో లేదో మా టీంలో ఒకాయన "గోచుగారు వేశావా?" అన్నాడు. ఎవరండీ ఆ గోచుగారు అన్నాను :) గోచు అంటే మిరపకాయ, గారు అంటే పొడి అట. వెయ్యలేదు, ఊరి కారం వేశానన్నాను. "అయితే అది అథెంటిక్ కాదు" అని తేల్చేశాడు. ఈయనా మన గుంటూరు వైపాయనే. హాస్టల్లో అమ్మ పంపిన గోంగూర సీసా వాసనొస్తుందని మంచం కింద దాచిన బ్యాచ్!

ఆ గోచుగారు ప్యాకెట్ నేనూ ఒకసారి కొన్నాను. అరకిలో 650 రూపాయలు. మాది గురజాల పక్క పల్లెటూరు, నాన్న మిరప వేస్తాడు. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోతే కేంద్రం ప్రకటించిన ధర క్వింటాకి 11,781. అంటే కిలో 118 కూడా కాదు. నాన్న టిక్కీలకి ఆ మాత్రం కూడా రాలేదు, కోత కూలీలకి ఇచ్చేసరికి చేతిలో ఏం మిగల్లేదు. అదే ఏడాది ఆయన కొడుకు కిలో 1300 లెక్కన పరాయి దేశం కారం కొన్నాడు. ఈ సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

అలాగని రెండూ ఒకటే అని బుకాయించను. మొదటిసారి వాళ్ళు చెప్పిన కొలతకి తేజ కారం వేసి, రెండు ముక్కలు తిని, అరగంట మజ్జిగ తాగాను. గోచుగారులో ఘాటు తక్కువ, రంగు ఎక్కువ, కాస్త తీపి కూడా. గింజలు తీసేసి గరుకుగా పట్టిస్తారు. అంతే దాని రహస్యం. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే బ్యాడిగి రకం మన వైపూ పండిస్తున్నారు. అమ్మకి ఫోన్ చేసి చెబితే "గింజలు తీసి పట్టించాలా, ఎవరికిరా జబ్బు?" అని అడిగి మరీ కిలో పట్టించి పంపింది.

చేసేది ఇలా. రెండు కీరదోసకాయలు పలుచగా చక్రాల్లా తరిగి, అర చెంచా ఉప్పు పట్టించి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. ఊరిన నీళ్ళు గట్టిగా పిండెయ్యాలి, ఇది బద్ధకిస్తే మొత్తం నీళ్ళోడుతుంది. రెండు చెంచాల ఈ గరుకు కారం, దంచిన వెల్లుల్లి రెండు రెబ్బలు, చెంచా సోయా సాస్, చెంచా వెనిగర్, అర చెంచా పంచదార, ఉల్లికాడలు. వాళ్ళ నువ్వుల నూనె వేయించిన నువ్వులది, అందుకే ఆ వాసన. మన గానుగ నూనెకి అది రాదు. నేను నువ్వులు దోరగా వేయించి, దంచి, చెంచా నూనెతో కలిపేశాను. చేత్తో కలిపి వెంటనే తినెయ్యాలి. కిమ్చీలాగా పులియబెట్టే పనే లేదు.

పెరుగన్నంలోకి అదిరిపోయింది. ఇది అథెంటిక్ కాదంటే కాకపోనీ. అసలు మిరపకాయే అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చింది. మనకీ అంతే, కొరియాకీ అంతే. వాళ్ళు దాన్ని దేశం పేరుతో ప్యాకెట్లో పెట్టి అమ్మగలిగారు. మనమేమో గోతాల్లో తొక్కి అమ్మి, తిరిగి ప్యాకెట్లు కొంటున్నాం. పెనుకొండలో 2019లో కియా కార్లు తయారవడం మొదలైంది, కొరియా వాళ్ళు మన రాష్ట్రంలోనే కాపురాలుంటున్నారు. వాళ్ళకి నచ్చేలా కారం పట్టించి అమ్మే మిల్లు పల్నాడులో ఒక్కటైనా ఉందా? నాకైతే కనబడలేదు. అది మానేసి మనం లంచ్ టేబుల్ దగ్గర సర్టిఫికెట్లు ఇచ్చుకుంటున్నాం.

సంక్రాంతికి ఊరెళ్తున్నా. ఎవరికైనా కావాలంటే అరకిలో పట్టించుకొస్తా. ప్యాకెట్ మీద కొరియా అక్షరాలు మాత్రం ఉండవు.